ఊరగాయ రాయి మీద గుడ్లు

గురువారం సాయంత్రం నాలుగింటికి పై అంతస్తు సనోబర్ నా తలుపు తట్టింది. తట్టడం కూడా కాదు, గోటితో గీరింది. చప్పుడైతే చేపలు బెదురుతాయని నెల రోజులుగా ఆవిడ మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది.

"మాస్టారూ, పెట్టేసింది," అంది.

"ఎన్ని?"

"నూటయాభై పైనే ఉంటాయి. ఆదివారం పొద్దుటి దాకా మీరు రేడియో పెట్టకూడదు. తలుపు దబాలున వెయ్యకూడదు. ఇంకో సంగతి, మీ చేతిరాత బావుంటుంది కదా, లెక్క రాయడానికి పైకి రావాలి. నాకు తొట్టి మీంచి కళ్ళు తిప్పే వీల్లేదు."

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, మార్చి నెల. తాష్కెంట్‌లో చిలంజార్ పేటలో మాది నాలుగంతస్తుల పాత కాంక్రీటు ఇల్లు. నీళ్ళు పవిత్రమని మా ఊళ్ళో ప్రతివాడూ అంటాడు. కాలవలో ఉమ్మితే పాపమంటాడు, ఊటల దగ్గర చెట్లకి గుడ్డపీలికలు కడతాడు. సరే నాయనా, ఆ నీళ్ళలో ఏముంది అని అడిగిన మనిషిని నా జన్మలో ఒక్కర్తినే చూశాను. ఆవిడే ఈ సనోబర్. నలభై ఆరేళ్ళ పొట్టి మనిషి. పందొమ్మిదేళ్ళు ఒక బట్టల మిల్లు రంగుల ఖాతాలో నీళ్ళు పరీక్ష చేసింది. నీళ్ళు గట్టివైతే, అంటే సున్నం ఎక్కువైతే, రంగు బట్టకి సమంగా పట్టదు. అందుకని పొద్దున్నే ఆవిడ "ఊఁ" అంటే గాని అక్కడ యంత్రం కదిలేది కాదు. రెండేళ్ళ కిందట మిల్లు మూతపడింది. పరీక్షగదికి తాళం వేసిన రోజున సబ్బు ద్రావణం సీసా ఒకటి కోటు జేబులో వేసుకుని ఇంటికొచ్చింది. అదొక్కటే ఆవిడ తెచ్చుకున్న పింఛను.

ఆ చదువంతా ఇప్పుడు రెండు డిస్కస్ చేపల మీదికి మళ్ళింది. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా, ఒంటి మీద నీలపు గీతలతో ఉండే అమెజాన్ చేపలవి. వాటి పుట్టింటి నదిలో సున్నం మచ్చుకైనా ఉండదట, నీళ్ళు పుల్లగా, నల్లగా ఉంటాయట. మా కుళాయి నీళ్ళు మరిగిస్తే కెటిల్ లోపల గార కట్టినట్టు సున్నం పేరుకుంటుంది. అంత సున్నంలో గుడ్డు పెంకు బిగుసుకుపోతుంది, లోపలి పిల్ల చీల్చుకుని రాలేదు, గుడ్డు తెల్లబడి బూజుపడుతుంది. నాలుగుసార్లు అదే అయింది. ఇది ఐదోది. మగచేపకి వయసు మీదపడి ఒక కన్ను పొరగమ్మింది.

ఆదివారం పక్షుల సంతలో చేపలమ్మే అర్కాదీ త్సోయ్ అనే ఆయన మూడేళ్ళుగా ఈవిణ్ణి ఏడిపిస్తున్నాడు. "సనోబర్ అక్కా, తాష్కెంట్ నీళ్ళలో డిస్కస్ పిల్లలా? ఒంటె చేత ఈత కొట్టించు, అదైనా సులువు." కిందటి నెల ఈవిడే వెళ్ళి మాటిచ్చి వచ్చింది. ఈసారి కూడా పిల్లలు రాకపోతే, గుడ్లు పెట్టిన తర్వాతి సోమవారం వచ్చి జంటనీ, తొట్టినీ తీసుకుపొమ్మంది, ఏదో హోటల్లో అలంకారానికి పనికొస్తాయంది. ఎందుకలా అన్నావంటే, "నా మొండితనం రుజువు చెయ్యడానికి ఆ గుడ్డిదాన్ని ఎంతకాలం చంపుకుతిననూ?" అంది. ఇక చేపల జోలికి పోనని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంకేసి చూడలేదు. చేపలు పోతే ఈ ఊళ్ళో తనకి నీళ్ళ సంగతి తెలుసనడానికి ఇంకో సాక్ష్యం లేదు మరి.

లెక్క ఇదీ. చిన్న సీసాలో తొట్టి నీళ్ళు తీసుకుని, సబ్బు ద్రావణం ఒక్కో చుక్కా వేసి ఆడించాలి. నురగ నిలవాలి. ఎన్ని చుక్కలకి నిలిస్తే అంత గట్టి నీళ్ళు. మంచు కరిగించిన నీళ్ళకి నాలుగు చుక్కలు చాలు. మా కుళాయికి ముప్ఫై ఒకటి. గుడ్లకి ఎనిమిది దాకా ఫరవాలేదు. పది దాటితే ఆశ వదులుకోవాలి.

మంచు ఆవిడ భర్త తుల్కిన్ తెస్తాడు. కొండల మీది పల్లెలకి బస్సు నడుపుతాడు, దారిలో పారతో తవ్వి పాల క్యాన్లలో నింపి తెస్తాడు. బాల్కనీలో నలభై లీటర్ల క్యాన్లు నాలుగుండేవి. తొట్టి నింపాక రెండు మిగిలాయి. ఆ నీళ్ళని పుల్లబరచడానికి, చిత్తడి నేలల్లో దొరికే పీట్ అనే నల్లమట్టిని గుడ్డలో మూటగట్టి తొట్టిలో వేలాడదీసింది. టీ పొట్లాం పెద్దది వేసినట్టు నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ప్రతిసారీ ఐదు చుక్కలతో మొదలైన నీళ్ళు మూడోనాటికి పద్నాలుగుకి ఎక్కుతున్నాయి. సున్నం ఎక్కణ్ణించి వస్తోందో తెలీదు. అడుగున పోసిన గులకరాళ్ళు మొదటిసారే తీసేసింది. రెండోసారి అందంగా ఉందని ఎవరో ఇచ్చిన తెల్ల పాలరాతి ముక్కని గెంటేసింది. మూడోసారి శంఖాలు, నాలుగోసారి తొట్టి అద్దాల మధ్య పూసిన లప్పం మీద అనుమానపడి తొట్టే మార్చింది. మిగిలింది ఒక్క రాయి. బొద్దుగా, బూడిదరంగులో, రొట్టె ముద్దంత ఉంటుంది. అత్తగారు ఖోసియత్ క్యాబేజీ ఊరేసే జాడీలో బరువుగా పెట్టుకున్న రాయి అది. చేపలు గుడ్లు పెట్టడానికి పూలకుండీ వద్దని, గాజుగొట్టం వద్దని, ఆ రాయే కావాలన్నాయి. దాని మీద వెనిగర్ చుక్క వేసి చూసింది. సున్నపురాయి అయితే బుసబుసా పొంగాలి. ఇది కిక్కురుమనలేదు. పైగా ముప్ఫై ఏళ్ళు పుల్లటి ఉప్పునీళ్ళలో మునిగి చెక్కుచెదరని రాయి. అంతకంటే నమ్మకమైన రాయి ఎక్కడ దొరుకుతుంది?

గురువారం నాలుగింటికి ఐదు చుక్కలు. పదింటికి ఆరు. శుక్రవారం పొద్దున ఏడింటికి ఎనిమిది. నేను రాస్తున్నాను, ఆవిడ చూస్తోంది.

పదకొండింటికి తొమ్మిది.

"మళ్ళీ మొదలైంది," అంది సనోబర్. గొంతులో ఏ భావమూ లేదు, రంగుల ఖాతాలో ఫలితం చదివినట్టే చదివింది. అరక్యాను మంచునీళ్ళు గోరువెచ్చన చేసి గ్లాసు గ్లాసూ వంపింది. ఏడుకి దిగింది. కాని నాలుగో గ్లాసు పోస్తుంటే మగచేప ఉలిక్కిపడి, రాయి దగ్గరికి పోయి ఒక గుడ్డుని చప్పరించి మింగేసింది. సనోబర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భయపడితే అవి తమ గుడ్లు తామే తినేస్తాయి. నీళ్ళు మార్చకపోతే గుడ్లు చస్తాయి, మారిస్తే తండ్రి తింటాడు. గుడ్లు చిట్లడానికి అరవై గంటలు పట్టాలి, ఇంకా నలభై ఒక్క గంటలుంది.

మధ్యాహ్నం ఖోసియత్ గారు మమ్మల్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, నోటికి వయసు రాలేదు.

"చేపలకి పురుడు పోస్తున్నావు సరే, ఇంట్లో మనుషులు కూడా ఉన్నారమ్మాయ్. తిని పో. బాలింత గదిలోకి పరాయి మగాణ్ణి రానిచ్చావు, అదొకటి. నలభై రోజులు ఎవర్నీ రానివ్వకూడదు. మాస్టారూ, మిమ్మల్నే అంటున్నా."

"నేను లెక్క రాస్తున్నానమ్మా."

"పుట్టకముందే లెక్కేంటండీ? దిష్టి తగులుతుంది."

తుల్కిన్‌కి ఆ రోజు సెలవు. అత్తగారు లఘ్మాన్ అనే సేమ్యా పులుసు గిన్నెలు పెట్టి, నడిమధ్యన ఊరేసిన క్యాబేజీ పెట్టింది. తుల్కిన్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అమ్మా, ఇది క్యాబేజీయా? మా బస్సు బ్యాటరీలో పోస్తే కొండెక్కేస్తుంది."

"నోరు మూసుకుని తిను."

"శీతాకాలం అంతా మూసుకునే తిన్నాను. పళ్ళు జివ్వుమంటున్నాయి."

"నా చేతి తప్పా అది? సీసాలో నీళ్ళు పోసి బరువు పెట్టమంది నీ పెళ్ళాం. సీసా పెడితే ఊరగాయ అవుతుందా? నా రాయి పట్టుకెళ్ళి దాని చేపలకి పరుపు వేసింది."

"బరువు బరువేగా అమ్మా. రాయైతేనేం, సీసా అయితేనేం?"

"బరువు కాదురా వెర్రినాయనా! ఆ రాయి పులుపు తింటుంది. మా అత్తగారు మజార్ దర్గాకి పోయి మొక్కి తెచ్చిన రాయి. ఎన్నేళ్ళు కూర్చుంది నా జాడీలో! ఒక్క ఏడు పులుపు హద్దు దాటలేదు. పేటంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు కాదూ? అది తినీ తినీ చిక్కిపోయింది పాపం. జాడీలో పెట్టిన కొత్తలో రెండు చేతుల్తో ఎత్తేదాన్ని. ఇప్పుడు ఒంటిచేత్తో ఎత్తుతున్నా. ముసలైపోయాక నాకు బలం వచ్చిందనుకుంటున్నావా?"

తుల్కిన్ నవ్వాడు. నేనూ నవ్వాను. సనోబర్ నవ్వలేదు. నోట్లో ముక్క అలాగే పెట్టుకుని అత్తగారికేసి చూస్తోంది.

"అత్తయ్యా. మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పనూ?"

"రాయి చిక్కిపోయిందన్నారు."

"చిక్కింది. సగానికి సగం. మహిమగల రాళ్ళు అలాగే అవుతాయి, మనుషుల బాధలు తీసుకుని..."

సనోబర్ అప్పటికే లేచిపోయింది.

చాకు ఒకటి తీసుకుని, మోచేతిదాకా చెయ్యి కడుక్కుని, తొట్టిలో దింపింది. ఊరికే దింపలేదు. వేలు, మణికట్టు, మోచెయ్యి, ఒక్కో అంగుళానికీ ఊపిరి బిగబట్టి దింపింది. ఆడచేప వెనక్కి జరిగింది. మగది మాత్రం పొరగమ్మిన కంటి వైపు నించి వచ్చిన చెయ్యిని ముందు చూడలేదు, కనబడగానే ఎగిరి వచ్చి ముఖంతో పొడిచింది. మూడుసార్లు పొడిచింది. నాలుగోసారి పొడవడం మానేసి గుడ్లకేసి తిరిగింది. ఆవిడ చాకుతో రాయి అడుగుభాగాన్ని, గుడ్లు లేని వైపు, రెండుసార్లు గీకి, మొనమీద నిలిచిన పొడిని బొటనవేలితో అదిమిపట్టి చెయ్యి బయటికి తీసింది. చేప ఒక గుడ్డుని నోట్లోకి తీసుకుంది. కాసేపు పెట్టుకుంది. మళ్ళీ యథాస్థానంలో ఉమ్మింది.

వంటింట్లో ఆ చిటికెడు పొడిని చెంచాలో ఆరబెట్టి, వెనిగర్ వేడిచేసి దాని మీద వేసింది. చెంచాని చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత నా చెవి దగ్గర పెట్టింది. సోడా సీసా మూత తీశాక చివర్లో వినిపించే చిన్న చిరచిర.

"డోలమైట్," అంది.

సున్నపురాయికి దాయాది అన్నమాట. సున్నంతోపాటు మెగ్నీషియం కూడా కలిసిన రాయి. గట్టి ముద్దగా ఉన్నప్పుడు, చల్లటి వెనిగర్ చుక్కకి అది నోరెత్తదు. పొడిచేసి వేడి వెనిగర్ పోస్తే అప్పుడు నిజం చెబుతుంది. ఈ సంగతి సనోబర్‌కి తెలీదని కాదు. కాలేజీలో చదివింది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. కాని ముప్ఫై ఏళ్ళు ఊరగాయలో నిలిచిన రాయి అన్న ఒక్క మాటకి ఆ చదువంతా తలవంచింది. మజార్ రాయని అత్తగారు మొక్కితే నవ్వే మనిషి, జాడీ రాయని తను మొక్కింది. అరిగిపోతున్న రాయిని చూసి చెక్కుచెదరలేదని అందరం అనుకున్నాం. చెక్కు చెదురుతోంది గనకే పచ్చడి బాగుండేదని ఎవరికీ తట్టలేదు.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. చేపల సుఖం కోసం నీళ్ళని ఎంత పుల్లబరిస్తే రాయి అంత త్వరగా కరిగింది. తను వేసిన పీట్ మూటే గుడ్లకి ఉరితాడు పేనింది. మొదటిసారి ఒక గుప్పెడు వేసింది. పని చెయ్యలేదని తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు.

"నేను చెప్పలేదూ, మహిమగల రాయని," అంది ఖోసియత్ గారు గుమ్మంలోంచి.

"మహిమ కాదత్తయ్యా, మెగ్నీషియం."

"పేరేదైతేనేం, పని చేసిందా లేదా?"

తుల్కిన్ బస్సు డ్రైవరు. అడ్డం వస్తే తీసెయ్యాలి, అతనికి తెలిసిన విద్య అదే. "రాయి తీసి అవతల పారెయ్, అయిపోయె," అన్నాడు.

"గుడ్లు దాని మీదే అతుక్కుని ఉన్నాయి," అంది సనోబర్.

"గుడ్లతోసహా వేరే గిన్నెలో పెట్టు."

"అమ్మా నాన్నా లేకుండా పుట్టి ఏం తింటాయి? వీటి పిల్లలు పెద్దవాటి ఒంటి మీది జిగురు తిని బతుకుతాయి. ఆ జిగురు బజార్లో దొరకదు. విడదీస్తే ఈ పెద్దవి మళ్ళీ పిల్లల్ని గుర్తుపట్టవు."

"అంటే రాయి తియ్యకూడదు, ఉంచకూడదు."

"అదీ సంగతి."

కెటిల్ కూతపెడితే ఖోసియత్ గారు దూకి కట్టేసింది.

సనోబర్ రెండు పనులు చేసింది. ముందు పీట్ మూటని బయటికి తీసేసింది. పులుపు తగ్గితే రాయి కరగడం నెమ్మదిస్తుంది. కాని పులుపు తగ్గితే గుడ్లకి బూజు తొందరగా పడుతుంది. తెలిసే తీసింది. రెండోది, మూడో అంతస్తు నర్సు దగ్గర సెలైన్ ఎక్కించే గొట్టం అడిగి తెచ్చి, మంచునీళ్ళ క్యానుని బీరువా మీదికి ఎక్కించి, చుక్కచుక్కగా తొట్టిలోకి వదిలింది. తొట్టి అడుగు నించి ఇంకో గొట్టంతో అంతే నీరు బకెట్టులోకి పోతోంది. చేపలకి అలికిడి లేదు. రాయి సున్నం వదులుతూ ఉంటుంది, మంచునీళ్ళు కడుగుతూ ఉంటాయి. ఏది ముందు అలిసిపోతుందో చూడాలి.

రాయి అలిసేది కాదు. మంచునీళ్ళు మాత్రం క్యానున్నరే ఉన్నాయి.

"రేపు పొద్దున్నే నా బస్సు కొండకి పోతుంది. మధ్యాహ్నానికి తెస్తాను," అన్నాడు తుల్కిన్.

"మధ్యాహ్నం అంటే?"

"మధ్యాహ్నం అంటే మధ్యాహ్నం. నేనేమైనా విమానం నడుపుతున్నానా?"

శుక్రవారం సాయంత్రానికి ఎనిమిది. శనివారం పొద్దున కూడా ఎనిమిదే. కాని ముప్ఫై గుడ్లదాకా తెల్లబడ్డాయి, ఆడచేప వాటిని ఒక్కోటీ ఏరి అవతల పడేస్తోంది. మిగతావాటిలో తేనెరంగు కింద నల్లటి చుక్క ఒకటి కనిపిస్తోంది. భూతద్దంలోంచి చూస్తే ఆ చుక్క అదురుతోంది. బతికే ఉన్నాయి. పెంకు లోపల.

పదింటికి క్యాను ఖాళీ అయింది. గొట్టం చివర్న ఒక చుక్క వేలాడి, జారలేక, అలాగే ఉండిపోయింది.

పదకొండు. తొమ్మిది చుక్కలు.

ఒంటిగంట. పది.

సనోబర్ కిటికీ దగ్గరికి పోలేదు. నేను పోయాను. బస్సులు వస్తున్నాయి, తుల్కిన్ రావడంలేదు. ఖోసియత్ గారు జపమాల పట్టుకుని సోఫా మీద కూర్చుంది. పెదవులు ఆడుతున్నాయి.

"దేనికి చేస్తున్నారత్తయ్యా?"

"నీ చేపలకి కాదులే. నా కొడుక్కి. కొండ మీద మంచు చరియలు జారే కాలం. ఒక్క జాడీడు నీళ్ళ కోసం వాణ్ణి పంపావు."

సనోబర్‌కి ఆ మాట గట్టిగానే తగిలింది. కుర్చీ అంచు పట్టుకుంది. మళ్ళీ సీసా తీసి చుక్కలు వెయ్యడం మొదలుపెట్టింది, గంట కాకముందే. పదకొండు.

"పదకొండు రాయండి."

రాశాను. పది దాటితే ఆశ వదులుకోవాలని నాకు చెప్పింది ఆవిడే. గుర్తు చెయ్యలేదు.

మూడింటికి మెట్ల మీద బూట్ల చప్పుడు. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడుకి సనోబర్ "ష్" అనలేదు. తుల్కిన్ నాలుగు గోనెసంచులు ఈడ్చుకొచ్చి స్నానాల గదిలో పడేశాడు. మొహం ఎర్రగా కమిలింది.

"పైన దారి మూసేశారు. గేటు దగ్గర ఆపేశారు. అక్కడక్కడే తవ్వాను."

"అక్కడంటే ఎక్కడ?"

"రోడ్డు పక్క."

సనోబర్ ఒక్కో సంచిలోంచి ఒక్కో గ్లాసుడు తీసి కరిగించింది. మొదటి సంచి, ఐదు చుక్కలు. రెండోది, నురగ కాదు, పెరుగు విరిగినట్టు తెట్టు కట్టింది. ఇరవై దాకా వేసి ఆపేసింది. మూడోది ఆరు. నాలుగోది మళ్ళీ విరిగింది. బస్సులు జారకుండా రోడ్డు మీద చల్లే ఇసకా, ఉప్పూ.

"ఈ రెండూ పారెయ్."

"రెండు గంటలు తవ్వానే!"

"తవ్వావు నాయనా. రోడ్డుని కూడా తవ్వుకొచ్చావు."

అతనికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే గెలిచింది. ఈలోగా ఖోసియత్ గారు తనూ ఒక చెయ్యి వేద్దామని మంచి సంచిలోంచి మంచు తీసి కెటిల్‌లో కుక్కుతోంది.

"అత్తయ్యా, ఆగండి! కెటిల్ వద్దు! లోపల చూశారా, వేలెడు మందాన సున్నం."

"ముప్ఫై ఏళ్ళుగా అందులోనే టీ తాగుతున్నాం, ఎవరు చచ్చారు?"

"మనం గుడ్లలో లేం కదా!"

జామ్ వండే ఎనామిల్ బేసిన్లలో కరిగించారు. కరిగితే చాలదు, వేడెక్కాలి. ఆ చేపలకి ఒంటి వేడికి కాస్త తక్కువ ఉండాలి నీళ్ళు. స్టవ్వు మీద మూడు మంటలు వెలిగించి, ముగ్గురూ మూడు బేసిన్ల దగ్గర నిలబడ్డారు. నేను థర్మామీటరు పట్టుకుని తిరిగాను. ఐదున్నరకి గొట్టం చివర మళ్ళీ చుక్క జారింది.

రాత్రి ఎలా గడిచిందో నేను చూళ్ళేదు, పొమ్మంది. కాగితం మీద ఆవిడ రాసుకున్న అంకెలున్నాయి. పది, పది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. ఎనిమిది పక్కన రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

ఆదివారం ఏడింటికి వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ తొట్టి ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. రాయి మీద సగానికి పైగా తెల్లగా ఉంది, దూదిపింజలు అంటించినట్టు. మిగతా భాగంలో మాత్రం గుడ్లు గుడ్లలా లేవు. ఒక్కోదాని లోంచి వెంట్రుకంత తోక బయటికొచ్చి కొట్టుకుంటోంది. తల ఇంకా రాయికే అతుక్కుని ఉంది. కొన్ని తోకలు కొట్టుకుని, కొట్టుకుని, ఆగిపోతున్నాయి. పెంకు చీలక.

"రండి," అంటోంది సనోబర్ పళ్ళ మధ్యన. "చీల్చుకుని రండి, రండి."

తొమ్మిదింటికి ఆడచేప ముందుకొచ్చి, కొట్టుకుంటున్న ఒక పిల్లని నోట్లోకి పీల్చుకుంది. ఇంకోదాన్ని. మూడోదాన్ని.

"తినేస్తోంది!" అన్నాడు తుల్కిన్.

"కదలకు."

"తినేస్తోందే! అద్దం మీద కొట్టు, బెదరగొట్టు..."

"నువ్వు కదిలితే నిజంగానే తింటుంది. కూర్చో!"

భార్య అలా అరవడం అతను ఎప్పుడూ వినలేదు. కూర్చున్నాడు. చేప బుగ్గలు ఆడిస్తూ నెమ్మదిగా తిరిగి, రాయికి దూరంగా, తొట్టి మూల అద్దం దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది. ఖోసియత్ గారి జపమాల ఆగింది. చేప అద్దం మీదికి ఫూమని ఊదింది. మూడు తోకలు అద్దానికి అతుక్కుని వేలాడుతూ కొట్టుకున్నాయి.

కాపురం మారుస్తోంది. బూజుపట్టిన పాత గుడ్ల మధ్య పిల్లల్ని ఉంచడం దానికి నచ్చలేదు. దాని లెక్క దానిది. మగచేప కూడా వచ్చింది. పొరగమ్మిన కన్ను అద్దం వైపు పడి మొదటి రెండింటినీ గురితప్పి నీళ్ళలోకి ఊదింది. ఆడది వెనకే పోయి వాటిని పట్టి తెచ్చింది. పన్నెండింటికి రాయి మీద బతికున్నదేదీ మిగల్లేదు. సనోబర్ రెండు చేతులూ దింపి, రాయిని వేళ్ళతో చుట్టి, నిలువునా పైకెత్తి, చప్పుడు కాకుండా నేల మీద తడిగుడ్డలో పెట్టింది. అప్పుడు గాని వీపు ఆనించి కూర్చోలేదు.

ఇంకా గెలవలేదు. అద్దానికి వేలాడే పిల్లలకి మూడు రోజులకి ఈత వస్తుంది. ఈత రాగానే తండ్రి ఒంటినో, తల్లి ఒంటినో వెతుక్కుని అంటుకోవాలి. అంటుకోలేకపోతే ఆకలితో పోతాయి. సోమవారం అర్కాదీ త్సోయ్ బకెట్టు పట్టుకుని దిగాడు. సనోబర్ గుమ్మంలోనే ఆపింది.

"బుధవారం రా."

"మాట మాటే అక్కా. పిల్లలు వచ్చాయా, లేదా?"

"వచ్చాయి. ఉంటాయో లేదో బుధవారం తెలుస్తుంది."

"వచ్చాయా?" అని, బూట్లు విప్పబోయాడు.

"విప్పకు. బుధవారం అన్నాను."

బుధవారం పొద్దున ఎనిమిదింటికి పిల్లలు అద్దాన్ని వదిలాయి. అరవై దాకా. వదిలి, ఎటు పోవాలో తెలీక, గాజు మూలల్లో, గొట్టం వెనక, నీటిపైన చెదిరిపోయాయి. పెద్దవి రెండూ నడిమధ్యన నిశ్చలంగా నిలబడ్డాయి. ఒంటి రంగు నల్లబడింది. పిలవడం అదేనట. తొమ్మిది. తొమ్మిదిన్నర. కొన్ని మునిగిపోయాయి, మళ్ళీ లేవలేదు. త్సోయ్ వచ్చి మా వెనక నిలబడ్డాడు, ఈసారి హాస్యమాడలేదు.

పదింటికి ఒకటి, గాలికి కొట్టుకుపోతున్న నలుసులా పోతూ పోతూ, మగచేప పక్కటెముకలకి తగిలింది. తగిలి, అక్కడే ఆగింది. వంగి కొరికింది. ఇంకోటి వచ్చింది. తర్వాత ఏడెనిమిది ఒక్కసారి.

త్సోయ్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఏం నీళ్ళు పోశావక్కా?"

"తాష్కెంట్ నీళ్ళు," అంది సనోబర్. అబద్ధం అది. కాని నేను సరిదిద్దలేదు. ఆవిడ వేలితో గాల్లో లెక్కపెడుతోంది, నేనూ లెక్కపెడుతున్నాను, త్సోయ్ కూడా లెక్కపెడుతున్నాడు. ఆవిడకి ముప్ఫై ఎనిమిది వచ్చాయి, నాకు నలభై ఒకటి. త్సోయ్ ముప్ఫై దగ్గర తప్పి మళ్ళీ మొదటికొచ్చాడు.